నది టైముకే మన పడవ

ప్రియమైన పిల్లలూ,

లండన్ నడిబొడ్డున థేమ్స్ నది మీద చిన్న పడవలో వెళ్ళాలని మీలో చాలామందికి ఉంటుంది. నాకూ ఉండేది. వెళ్ళాను, చాలా ఏళ్ళు కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) నడిపాను. అందుకే అన్నిటికన్నా ముందు ఎప్పుడు బయల్దేరాలో చెబుతాను. తెడ్డు పట్టుకోవడం, ఒడ్డెక్కడం, వంతెన దాటడం, ఇవన్నీ ఆ తర్వాతే.

సముద్రం పోటెత్తినప్పుడు నీళ్ళు థేమ్స్ ముఖద్వారంలోంచి లోపలికి తోసుకొస్తాయి. పడమరన టెడింగ్టన్ లాకు దాకా, అంటే సుమారు 150 కిలోమీటర్లు, ఆటుపోట్లు తెలుస్తాయి. ముఖద్వారం గరాటులా ఉంటుంది. వెడల్పాటి నోట్లోంచి దూరిన నీళ్ళకి పోనుపోను చోటు తగ్గిపోతుంది కాబట్టి పైకి లేవక తప్పదు. అందుకే పున్నమి, అమావాస్యల తర్వాతి రోజుల్లో లండన్ బ్రిడ్జి దగ్గర నీటిమట్టం ఒక్క పోటుకి దాదాపు 7 మీటర్లు లేస్తుంది. రెండంతస్తుల మేడంత! పొద్దున మీరు దిగిన బురద నేల మధ్యాహ్నానికి ఎక్కడో అడుగున ఉంటుంది.

రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. ఇవాళ పొద్దున 8 గంటలకి నది నిండితే, రేపు 8:50 ప్రాంతంలో నిండుతుంది. పోయిన ఆదివారం కుదిరిన టైము ఈ ఆదివారం కుదరదు. ప్రతిసారీ ఆటుపోట్ల పట్టిక చూడాల్సిందే.

నీళ్ళు లేచేది కూడా ఒకే వేగంతో కాదు. దీనికి పడవవాళ్ళ దగ్గర ఒక పాత లెక్క ఉంది: పన్నెండో వంతుల లెక్క. మొత్తం 6 మీటర్లు లేచే రోజు అనుకోండి. మొదటి గంటలో అర మీటరు, రెండో గంటలో ఒక మీటరు, మూడు, నాలుగు గంటల్లో ఒక్కో దాంట్లో ఒకటిన్నర, తర్వాత మళ్ళీ ఒకటి, చివర అర. అంటే నడిమి రెండు గంటల్లోనే సగం నీళ్ళు వచ్చేస్తాయి. ప్రవాహం బాగా లాగేదీ అప్పుడే. ఇది ఉజ్జాయింపు లెక్క మాత్రమే. థేమ్స్‌లో పైనుంచి వచ్చే నది నీళ్ళు కూడా కలుస్తాయి కాబట్టి పోటు కంటే ఆటు కాస్త ఎక్కువసేపు నడుస్తుంది.

ఇప్పుడు ఇంకో లెక్క. కయాక్‌ని మామూలుగా గంటకి 5, 6 కిలోమీటర్లు నడపగలం. లండన్ మధ్యలో ప్రవాహం కూడా గంటకి 6 కిలోమీటర్లు దాటి పోతుంది. వాలుకి వెళ్తే మన వేగం రెట్టింపు. ఎదురు వెళ్తే ఎంత తెడ్డేసినా ఉన్నచోటే ఉంటాం.

నేను ఉన్నచోటే ఉన్నాను కూడా. లండన్‌కి తూర్పున ఉన్న గ్రీనిచ్ నుంచి పడమరన ఉన్న పట్నీకి దాదాపు 20 కిలోమీటర్లు. పోటు వెంట బయల్దేరితే హాయిగా చేరిపోవచ్చు, ఎందుకంటే లండన్ బ్రిడ్జి దగ్గర నిండిన అరగంట తర్వాత గానీ పట్నీ దగ్గర నది నిండదు. పోటు మనకంటే ముందు నడుస్తూ దారి ఇస్తుంది. ఆ రోజు ఒక స్నేహితుడి కోసం నలభై నిమిషాలు ఆగాను. బాటర్సీ దాటాక నది తిరగబడింది. గట్టు మీద ఒక దీపస్తంభం ఉంది. తెడ్డు వేస్తున్నాను, చేతులు పీకుతున్నాయి, తలెత్తి చూస్తే అదే స్తంభం! మళ్ళీ చూస్తే అది కొంచెం ముందుకే పోయింది. అంటే నేనే వెనక్కి పోతున్నానన్నమాట. టెన్షన్ పడి ఇంకా గట్టిగా తెడ్డేశాను, అదే తప్పు. ఒడ్డు పక్కన ప్రవాహం నెమ్మదిగా ఉండే చోటికి జరిగి ఉంటే సరిపోయేది.

ఒడ్డు అన్నాను గానీ, లండన్ మధ్యలో చాలా చోట్ల ఉన్నది నిలువు గోడే. 1860లలో జోసెఫ్ బాజల్జెట్ అనే ఇంజనీరు మురుగు కాలువలతో పాటు నది పక్కన కట్టలు కట్టించాడు. విక్టోరియా కట్ట 1870లో పూర్తయింది. ఊరికి అది పెద్ద మేలు. పడవవాడికి మాత్రం నది ఇరుకైంది, దిగే చోటు తగ్గింది. పెద్ద పడవ వెళ్ళినప్పుడు లేచే అలలు ఒక గోడకి కొట్టుకుని, రెండో గోడకి కొట్టుకుని చాలాసేపు ఆగవు. కాబట్టి మధ్యలో ఎక్కడ దిగొచ్చో ఇంటి దగ్గరే మ్యాపులో గుర్తుపెట్టుకోండి.

వంతెనల గురించి నాకు భలే ఇష్టమైన సంగతి ఒకటుంది. ఏదైనా కమాను కింద పని జరుగుతూ ఎత్తు తగ్గితే, అక్కడ ఒక గడ్డి మోపు వేలాడదీయాలి. రాత్రయితే తెల్ల దీపం. ఇది చాలా పాత నియమం, ఇప్పటికీ అమల్లో ఉంది. 2023లో మిలీనియం బ్రిడ్జికి రిపేర్లు జరిగినప్పుడు కూడా గడ్డి మోపు కట్టారు. మూడు ఎర్ర గుండ్రాలు త్రిభుజంలా కనిపిస్తే మాత్రం ఆ కమాను మూసేశారని అర్థం.

1209లో పూర్తయిన పాత లండన్ బ్రిడ్జికి ఇరుకైన కమానులు ఉండేవి. ఆటు వేళ నీళ్ళు వాటిలోంచి జలపాతంలా దూకేవి. చాలామంది ప్రయాణికులు ముందే దిగి, వంతెన అవతలికి నడిచి వెళ్ళి మళ్ళీ పడవెక్కేవారు. సిగ్గుపడే పని కాదది, బుద్ధిమంతుల పని.

ఇక అన్నిటికన్నా ప్రమాదం: కట్టేసి ఉన్న బార్జులు (సరుకు మోసే బల్లపరుపు పడవలు), నీళ్ళ మీద తేలుతూ ఉండే పెద్ద బోయాలు. అవి కదలవు కాబట్టి భయం అనిపించదు. కానీ ప్రవాహం వాటి కిందికి దూరుతుంది, మన పడవనీ కిందికే లాగుతుంది. వాటికి ఎగువన, అంటే నీళ్ళు వచ్చి కొట్టుకునే వైపు, ఎప్పుడూ ఉండకండి. చాలా దూరం నుంచే పక్కకి తప్పుకోండి. నదిలో ఎప్పుడూ మీ కుడిపక్కనే ఉండండి. అక్కడ కుడివైపు నడపడం నియమం. లైఫ్ జాకెట్ వేసుకోండి. ఒంటరిగా వెళ్ళకండి. ఆ నది తెలిసిన శిక్షకుడితో, వీహెచ్‌ఎఫ్ రేడియో ఉన్నవాళ్ళతో వెళ్ళండి. లండన్ నది ట్రాఫిక్ వాళ్ళు 14వ ఛానల్‌లో మాట్లాడతారు. ప్రమాదం అయితే 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి.

1989 ఆగస్టులో ఒక రాత్రి మార్షనెస్ అనే విహార నౌకని ఇసుక తీసే ఓడ గుద్దింది. 51 మంది చనిపోయారు. ఆ తర్వాత 2002లో థేమ్స్ మీద లైఫ్‌బోట్ కేంద్రాలు పెట్టారు. వాటరలూ బ్రిడ్జి పక్కనున్న కేంద్రంలో రాత్రీ పగలూ మనుషులు సిద్ధంగా ఉంటారు. దాని ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నేను తెడ్డు ఎత్తి వాళ్ళకి నమస్కారం పెట్టేవాణ్ణి.

అన్నీ సరిగ్గా కుదిరి, పట్నీ దగ్గరికి నది నిండే వేళకి చేరారనుకోండి. నీళ్ళ మీద తేలే ఒక ఆకుని చూడండి. అప్పటిదాకా మీతో పాటు వచ్చిన ఆకు నెమ్మదిస్తుంది, కాసేపు అటూ ఇటూ కాకుండా ఆగిపోతుంది. తర్వాత మెల్లగా సముద్రం వైపు తిరుగుతుంది. అది తిరగక ముందే పడవని రేవుకి చేర్చి దిగిపోండి.

మీ
తాతయ్య