ట్యాబ్లెట్ ఓవర్‌క్లాకింగ్: రిపేర్ కౌంటర్ దగ్గర వినే అపోహలు, అసలు వాస్తవాలు

అబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్ పక్క సందులో కౌంటర్ పెట్టి పన్నెండేళ్లు దాటింది. వచ్చేవాళ్లలో ఎక్కువమంది పగిలిన స్క్రీన్లతోనే వస్తారు. నెలకు ఒకరిద్దరు మాత్రం పాత ట్యాబ్లెట్ బల్ల మీద పెట్టి, "అన్నా, దీన్ని ఓవర్‌క్లాక్ చేసిస్తవా? యూట్యూబ్‌ల చూసిన" అంటారు. ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం కంటే పైకి లాగి నడిపించడం. అందరికీ అదే కథ చెప్పి నోరు నొప్పి పుడుతోంది. అందుకే రాసి పెడుతున్నా.

అపోహ: యాప్ వేసుకుంటే ప్రాసెసర్ వేగం పెరుగుతుంది.

పెరగదు. సెట్‌సీపీయూ లాంటి యాప్‌లు మీటలు మాత్రమే. ప్రాసెసర్ ఏయే వేగాల్లో నడవాలి, ఒక్కో వేగానికి ఎంత వోల్టేజీ ఇవ్వాలి అనే పట్టిక, ఆండ్రాయిడ్ అడుగున ఉండి హార్డ్‌వేర్‌ని నడిపించే కెర్నల్ దగ్గర ఉంటుంది. యాప్ ఆ పట్టికలో ఉన్నవాటినే ఎంచుకోగలదు, అదీ రూట్ చేసి (సిస్టమ్ మీద పూర్తి అధికారం తీసుకుని) ఉంటేనే. పైన ఇంకో వరస కావాలంటే కెర్నల్ సోర్స్ కోడ్ తెచ్చుకుని, దిద్ది, మళ్లీ కంపైల్ చేయాలి. ఆండ్రాయిడ్ వాడే లినక్స్ కెర్నల్, కోడ్ బయటపెట్టాలనే జీపీఎల్ లైసెన్స్ కింద ఉంది కాబట్టే ఆ సోర్స్ బయటికి వస్తుంది. కస్టమ్ రోమ్ (కంపెనీది కాకుండా బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్) ఎక్కించగానే ఓవర్‌క్లాక్ అయిపోయిందనుకునేవాళ్లూ ఉన్నారు. రోమ్‌తో వచ్చిన కెర్నల్‌లో పై వరస లేకపోతే వేగం ఎప్పటిలాగే ఉంటుంది.

అపోహ: 1.2 గిగాహెర్ట్జ్ వేగాన్ని 1.6 చేస్తే ట్యాబ్లెట్ మూడో వంతు ఎక్కువ చురుగ్గా అవుతుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. 2012లో వచ్చిన గూగుల్ ట్యాబ్లెట్ నెక్సస్ 7నే తీసుకోండి. అందులో టెగ్రా 3 చిప్, నాలుగు కోర్లూ కలిసి నడిచేటప్పుడు 1.2 గిగాహెర్ట్జ్. కస్టమ్ కెర్నల్‌తో 1.6 దాకా సులువుగానే లాగేవాళ్లం. వేగం కొలిచే ఆన్‌టుటు యాప్‌లో స్కోరు లేచేది, చూసినవాళ్లు మురిసిపోయేవాళ్లు. అదే ట్యాబ్లెట్‌లో ఒక యాప్ అప్‌డేట్ అవుతుండగా ఇంకోటి తెరిచి చూడండి, వేలు పెట్టిన చోట స్పందనే ఉండదు. ఎందుకంటే అడ్డం పడేది ప్రాసెసర్ కాదు, లోపలి ఫ్లాష్ స్టోరేజీ. అది నిండేకొద్దీ రాయడం నత్తనడక అవుతుంది. తుడిచేసిన బ్లాకుల సంగతి స్టోరేజీకి చెప్పే ట్రిమ్ అనే ఏర్పాటు 2013లో ఆండ్రాయిడ్ 4.3తో వచ్చింది. ఆ అప్‌డేట్ పడ్డాక చాలా నెక్సస్‌లు ఓవర్‌క్లాక్ అవసరమే లేకుండా తేరుకున్నాయి.

ఇంకో ముచ్చట. 2011లో మన హైదరాబాద్‌లోనే అసెంబుల్ అయిన ఆకాశ్ ట్యాబ్లెట్ గుర్తుందా? 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్. దాన్ని కూడా "జర పెంచు అన్నా" అని తెచ్చినాయన ఉన్నాడు. ప్రాసెసర్‌ని రెట్టింపు చేసినా ఆ 256 ఎంబీలో బ్రౌజర్ ఎక్కడ కూర్చుంటుంది?

అపోహ: కాస్త వేడెక్కితే ఏముంది, ఫ్యాన్ కింద పెడితే సరి.

లెక్క చూడండి. చిప్ తాగే కరెంటు వేగంతో సమానంగా పెరుగుతుంది. వోల్టేజీతో మాత్రం దాని వర్గంలా పెరుగుతుంది. 1.1 వోల్టుల దగ్గర 1.2 గిగాహెర్ట్జ్‌తో నడిచే చిప్‌ని 1.25 వోల్టులిచ్చి 1.6కి ఎక్కించామనుకుందాం. వేగం పెరిగింది 33 శాతం, కరెంటు ఖర్చు పెరిగింది 70 శాతం పైచిలుకు. వోల్టేజీ పెంచకుండా వేగం ఒక్కటే పెంచుదామంటే ట్రాన్సిస్టర్లు టైముకి అందుకోలేక హ్యాంగ్ అవుతుంది.

ట్యాబ్లెట్ లోపల ఫ్యాన్ ఉండదు. ఆ వేడి అంతా వెనక మూత గుండా, బ్యాటరీని ఆనుకుని బయటికి పోవాలి. బ్యాటరీకేమో 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జింగ్ పనికిరాదు. మే నెలలో మన ఊరు 42 డిగ్రీలకు చేరుతుంది, ఆ ఎండలో పిల్లవాడు చార్జర్ పెట్టి గేమ్ ఆడుతుంటాడు. ఇక చెప్పేదేముంది? బ్యాటరీ ఉబ్బి స్క్రీన్ పైకి లేచిన ట్యాబ్లెట్లు నాకు ఎండాకాలంలోనే ఎక్కువ వస్తాయి. వేడి హద్దు దాటితే కెర్నల్ తనంతట తాను వేగం తగ్గించేస్తుంది, దాన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటాం. అంటే పది నిమిషాల గేమ్ తర్వాత మీ 1.6 ఎక్కడో 1 దగ్గర కూర్చుని ఉంటుంది. కొందరు ఆ హద్దునే పైకి జరిపి ఇస్తారు. ఎంత డబ్బిస్తానన్నా ఆ పని నేను చేయను.

అపోహ: ఓవర్‌క్లాక్ తేడా కొడితే ట్యాబ్లెట్ పోయినట్టే.

ఇది అతి భయం. 2013లో నా సొంత నెక్సస్ 7ని 1.7కి పెట్టి, అత్యుత్సాహంతో "బూట్ అయినప్పుడల్లా ఇదే పెట్టు" అన్న టిక్కు కూడా కొట్టేశాను. లోగో దాకా వస్తుంది, రీస్టార్ట్ అవుతుంది, మళ్లీ లోగో. రాత్రంతా కూర్చున్నా. తీరా మందు రెండు నిమిషాలదే: కంప్యూటర్ నుంచి ఫైళ్లు ఎక్కించే ఫాస్ట్‌బూట్‌తో కంపెనీ బూట్ ఇమేజ్ (కెర్నల్ ఉండే ఫైలు) తిరిగి ఎక్కించడం. ఆ కెర్నల్ పట్టికలో 1.7 అనే వరసే లేదు కాబట్టి యాప్ ఎంత అడిగినా వినదు. కొత్త వేగం మీద రెండు రోజులు నిలబడేదాకా ఆ టిక్కు ముట్టుకోకండి.

ట్యాబ్లెట్‌ని నిజంగా పనికిరాని రాయి చేసేది వేరే మోడల్ ఫర్మ్‌వేర్ (కంపెనీ సాఫ్ట్‌వేర్), అందులోనూ ఆన్ కాగానే మొదట నడిచే బూట్‌లోడర్. 2012 నెక్సస్ 7లో టెగ్రా ఉంటుంది, 2013 దాంట్లో స్నాప్‌డ్రాగన్. పేరు ఒకటే, ఒకదాని ఫైలు ఇంకోదానికి ఎక్కదు. డబ్బా మీద పేరు కాదు, వెనక ఉన్న మోడల్ నంబర్ చూడాలి.

అపోహ: దోస్తుకి 1.6 నడిచింది, నాకూ నడుస్తుంది.

ఒకే ఫ్యాక్టరీ, ఒకే మోడల్ అయినా ఏ రెండు చిప్‌లూ ఒకటి కావు. ఒకటి తక్కువ వోల్టేజీకే లాగుతుంది, ఇంకోటి ఎంత ఇచ్చినా మొరాయిస్తుంది.

అపోహ: తర్వాత కంపెనీ ఫర్మ్‌వేర్ వేసేస్తే అంతా మామూలే.

కస్టమ్ కెర్నల్ కోసం బూట్‌లోడర్ అన్‌లాక్ చేసిన క్షణాన మామూలుగా డేటా అంతా తుడుచుకుపోతుంది. పెళ్లి ఫొటోలు ఉన్నాయని అప్పుడు గుర్తొస్తే లాభం లేదు. నాక్స్ అనే భద్రతా ఏర్పాటు ఉన్న సామ్‌సంగ్ ట్యాబ్లెట్లలో కస్టమ్ కెర్నల్ ఎక్కించగానే లోపల ఒక ఫ్యూజు శాశ్వతంగా కాలుతుంది, ఏ ఫర్మ్‌వేరూ దాన్ని అతికించలేదు. అన్‌లాక్ అయి ఉన్నంతకాలం బ్యాంకు యాప్‌లు కూడా పేచీ పెడతాయి.

అపోహ: కొత్త ట్యాబ్లెట్ అయితే ఇంకా బాగా లాగొచ్చు.

ఇది పాతకాలం చిప్‌ల ఆట. స్నాప్‌డ్రాగన్ 845 చిప్ నుంచి వాటి కంపెనీ క్వాల్‌కామ్ ఆ వేగాల పట్టికను హార్డ్‌వేర్‌కే అప్పగించింది. కెర్నల్ దాన్ని చదువుకోగలదు, దిద్దలేదు. పోయిన వారం ఇంజినీరింగ్ కుర్రాడొకడు అలాంటి ట్యాబ్లెట్టే తెచ్చాడు. "దీనికి కుదరదు తమ్ముడూ, ముందు స్టోరేజీ పేజీ తెరువు" అన్నాను. 128 జీబీలో ఖాళీ 3 జీబీ.