కర్నూలు రోడ్లకు పూచీ ఎవరిది?

మా వీధి మలుపులో ఒక స్పీడ్ బ్రేకరు ఉంది. బడికెళ్లే పిల్లాణ్ని బైకు గుద్దిన మర్నాడు వీధివాళ్లే తలా కొంత వేసుకుని సిమెంటుతో పోసుకున్నారు. మొన్న టేపు పెట్టి కొలిచాను. వెడల్పు అడుగున్నర, ఎత్తు ఆరంగుళాలు. రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. తెల్ల గీతల్లేవు, ముందు బోర్డూ లేదు. వీధివాళ్లను తప్పుపట్టలేను. ఎవరిని అడగాలో తెలియకనే తాపీ పట్టారు.

1866లో మున్సిపాలిటీ అయ్యేనాటికి కర్నూలంటే కొండారెడ్డి బురుజు చుట్టూ ఒదిగిన ఊరు. సందులు ఎద్దుబండ్లకు సరిపోయేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయ్యాక ఉద్యోగుల కోసం ఎ, బి, సి క్యాంపులు లేచాయి. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోయింది, క్యాంపులు మిగిలాయి. ఊరు నంద్యాల రోడ్డు, బళ్లారి రోడ్డు పట్టుకుని సాగింది. 1994లో కార్పొరేషన్ అయింది. పాత సందులు మాత్రం అలాగే ఉన్నాయి, వాటిలోకే కార్లూ ఆటోలూ వచ్చిపడ్డాయి.

పెరిగిన కొద్దీ రోడ్డు ముక్కలైంది. వీధి కార్పొరేషన్‌ది, కూడలిలో నిలబడేది ట్రాఫిక్ పోలీసు, కొన్ని పెద్ద రోడ్లు రాష్ట్ర రోడ్లు, భవనాల శాఖవి (ఆర్ అండ్ బీ), 44వ నంబరు హైవే జాతీయ రహదారుల సంస్థది. స్పీడ్ బ్రేకరు సరిచేయమని నేనిచ్చిన అర్జీ తీసుకున్న అమ్మాయి, "ఇది ఇంజినీరింగ్ వాళ్లకు పంపాలా, పోలీసులకా సార్?" అని నన్నే అడిగింది. నిజంగానే తెలియక అడిగింది.

ఈ జిల్లా చూసిన చావులు తక్కువేం కాదు. 2021 ఫిబ్రవరిలో మాదార్‌పురం దగ్గర 14 మంది పోయారు. 2025 అక్టోబరులో చిన్నటేకూరు దగ్గర బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు సజీవదహనమయ్యారు. అలాంటప్పుడు మన చూపంతా డ్రైవరు మీదే. చట్టం చూపూ చాలాకాలం అంతే. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 198ఎ సెక్షన్ వచ్చింది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా. లక్ష ఏ మూలకు? అయినా రోడ్డుకూ తప్పుంటుందని చట్టం ఒప్పుకుంది, అది చిన్న సంగతి కాదు.

ప్రమాదాలు పదేపదే జరిగే చోటును బ్లాక్ స్పాట్ అంటారు. ఆ లెక్క మాత్రం ఊరి వీధికి అందదు. 2015లో కేంద్రం ఇచ్చిన నిర్వచనం జాతీయ రహదారులకు. సుమారు 500 మీటర్లలో మూడేళ్లలో ప్రాణం పోయిన లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు ఐదు జరగాలి, లేదా పది మంది చనిపోవాలి. మా మలుపు అందులోకి ఎప్పటికీ రాదు, రాకూడదు కూడా.

అందుకే కార్పొరేషన్‌లో ఈ పనికే ఒక ఇంజినీరు కావాలి. పోలీసు స్టేషన్లలోని ప్రమాద కేసులన్నీ వార్డు మ్యాపు మీద గుర్తుపెట్టుకుని, పోలీసులనూ ఆర్ అండ్ బీనీ ఒక్కచోట కూర్చోబెట్టే మనిషి. బళ్లారి చౌరస్తాలో ఆకుకూరల గంప ఎత్తుకున్న అవ్వ రోడ్డు దాటడానికి ఎన్ని సెకన్లు పడుతోందో నిలబడి చూసి, సిగ్నల్‌ను ఆ అవ్వ నడకకు సరిపెట్టడం ఆయన మొదటి వారం పని కావాలి.