రిచ్మండ్ ఇనుప కర్మాగారం: పిల్లలకు ఒక ఉత్తరం

పిల్లలూ,

అమెరికా అంతర్యుద్ధం గురించి చదివితే సేనాధిపతుల పేర్లు, యుద్ధాల తేదీలు బోలెడు కనిపిస్తాయి. ఆ ఫిరంగులు ఎవరు పోశారన్నది మాత్రం ఎక్కడో ఒక మూల ఉంటుంది. బానిసత్వాన్ని కాపాడుకోవడానికి అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యానికి దాదాపు 1,100 ఫిరంగులు ఒకే చోట తయారయ్యాయి. అదే వర్జీనియాలోని రిచ్మండ్‌లో ఉన్న ట్రెడెగర్ ఇనుప కర్మాగారం.

అది అక్కడే ఎందుకు వెలిసింది? రిచ్మండ్ దగ్గర జేమ్స్ నది బండరాళ్ల మీదుగా ఏడు మైళ్లలో సుమారు 100 అడుగులు కిందికి దిగుతుంది. అందులో పడవలు నడవవు కాబట్టి పక్కనే కాలువ తవ్వారు. ఎత్తున ఉన్న ఆ కాలువ నుంచి నీళ్లు నదిలోకి దూకుతుంటే చక్రాలు తిరిగేవి, వాటితో యంత్రాలు ఆడేవి. 1837లో పని మొదలైంది. కట్టిన నిపుణులు వేల్స్‌లోని ట్రెడెగర్ అనే ఊరివాళ్లు కావడంతో ఆ పేరే పెట్టారు. 1840లలో పగ్గాలు జోసెఫ్ రీడ్ ఆండర్సన్ చేతికొచ్చాయి. రైలింజన్లు, ఫిరంగులు అమ్మి ఆయన దాన్ని పెద్దది చేశాడు.

అక్కడ అన్నిటికన్నా కష్టమైన పని పడ్లింగ్. ఖనిజం కరిగించగా వచ్చే దుక్క ఇనుము పెళుసుగా ఉంటుంది, దెబ్బ పడితే విరుగుతుంది. దాన్ని కొలిమిలో మళ్లీ కరిగించి, పొడవాటి ఇనుప కడ్డీతో కలుపుతూ ఉండాలి. అందులోని కార్బన్ కాలిపోయేకొద్దీ ఇనుము చిక్కబడి ముద్ద కడుతుంది. ముద్దను ఎప్పుడు బయటికి తీయాలో మంట రంగు చూసి కనిపెట్టాలి. అది కళ్లకు, చేతులకు ఏళ్ల తరబడి అలవాటు కావాల్సిన విద్య.

ఈ విద్యను ఆండర్సన్ నల్లజాతి బానిసలకు నేర్పించాడు. 1847లో తెల్ల కార్మికులు సమ్మెకు దిగారు. వాళ్ల కోపం బానిసత్వం మీద కాదు, తమ పని బానిసలకు నేర్పుతున్నందుకు. ఆండర్సన్ సమ్మె చేసినవాళ్లను పనిలోంచి తీసేసి, కంపెనీ ఇళ్లు కూడా ఖాళీ చేయమన్నాడు. ఇందులో ఎవరి పక్షాన నిలబడాలని మీరు అడిగితే, ఆ ఇద్దరి పక్షానా కాదంటాను. కొలిమి ముందు నిలబడ్డ మనిషిని అసలు ఎవరూ ఏమీ అడగలేదు. చాలామంది బానిసలను వాళ్ల యజమానుల దగ్గర ఏడాదికి ఇంతని అద్దెకు తెచ్చేవారు. ఆ డబ్బు యజమానికే పోయేది. నిర్ణయించినదాని కన్నా ఎక్కువ పని చేస్తే బానిసకు కాస్త పైకం దక్కేది. ట్రెడెగర్ ఫిరంగుల మీద ‘జె.ఆర్.ఎ. అండ్ కంపెనీ’ అని యజమాని పేరు ఉంటుంది. పోసిన చేతుల పేర్లు ఉండవు. నన్ను బాగా బాధించే విషయం ఇదే.

1861లో యుద్ధం వచ్చింది. దక్షిణాది రాజధాని రిచ్మండ్‌కు మారింది. మరుసటి ఏడాది సముద్రం మీద పోరాడిన ‘వర్జీనియా’ అనే యుద్ధనౌకకు ఇనుప రేకుల కవచం ట్రెడెగర్‌లోనే తయారైంది. అయితే ఇనుము చాలక, తిండి చాలక, పనివాళ్లు సైన్యంలోకి పోయి, కర్మాగారం ఎన్నడూ తన పూర్తి శక్తితో నడవలేదు. 1865 ఏప్రిల్‌లో దక్షిణాది సైన్యం రిచ్మండ్‌ను వదిలి వెళ్తూ గోదాములకు నిప్పు పెట్టింది. ఊరి వ్యాపార కేంద్రం చాలావరకు కాలిపోయినా, కాపలా పెట్టుకున్నందువల్ల ట్రెడెగర్ మిగిలింది.

యుద్ధంలో దక్షిణాది ఓడిపోయింది. దాని పక్షాన నిలిచిన ఆండర్సన్‌కు అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ క్షమాభిక్ష ఇచ్చాడు, కొలిములు మళ్లీ వెలిగాయి. కానీ 1873 ఆర్థిక సంక్షోభంలో రైల్వే కంపెనీలు బాకీలు కట్టలేకపోయాయి. లోకం ఉక్కు వైపు వెళ్లిపోతోంది, అందుకు కావాల్సిన కొత్త యంత్రాలు కొనడానికి ట్రెడెగర్ దగ్గర డబ్బు లేదు. ఆ తర్వాత చిన్న స్థాయిలో 1950ల దాకా నడిచి, అక్కడ పని ఆగిపోయింది.

ఆ ఇటుక గోడల దగ్గరే ఇప్పుడు అంతర్యుద్ధ మ్యూజియం ఉంది. ఎప్పుడైనా రిచ్మండ్ వెళ్తే మ్యూజియం కన్నా ముందు కాలువ గట్టు మీద నడవండి. నీళ్ల వాలు కళ్లారా చూస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ప్రేమతో,
మీ తాతయ్య