అమెరికా విజిటర్ వీసా: తల్లిదండ్రుల ప్రయాణంపై అపోహలు, వాస్తవాలు

పదిహేనేళ్లకు పైగా విజయవాడలో వీసా దరఖాస్తులు నింపే పనిలో ఉన్నాను. నా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమంది అమెరికాలో ఉన్న కొడుకునో కూతురినో చూడడానికి బయలుదేరే తల్లిదండ్రులే. వారికి కావలసినది బీ1/బీ2 వీసా, అంటే మనం విజిటర్ వీసా అని పిలుచుకునేది. ఆ వీసా గురించి వారు విని వచ్చిన మాటల్లో సగానికి సగం నిజం కావు. కాన్సులేట్ అధికారి ఏం తేలుస్తారు, విమాన సంస్థ ఏం చూస్తుంది, అక్కడ దిగాక ఇమ్మిగ్రేషన్ అధికారి ఏం నిర్ణయిస్తారు అన్న మూడు విషయాలను ఒకటిగా కలిపేసుకోవడమే దీనికి ముఖ్య కారణమని నా అనుభవం చెబుతోంది.

అపోహ: ఆస్తి పత్రాలు ఎన్ని ఎక్కువ చూపిస్తే వీసా అంత ఖాయం.

వాస్తవం: వీసా అడిగే ప్రతి వ్యక్తీ అక్కడే స్థిరపడాలనుకుంటున్నారని అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టంలోని 214(బీ) సెక్షన్ ముందుగానే భావిస్తుంది. అది నిజం కాదని నమ్మించవలసిన బాధ్యత దరఖాస్తుదారుదే. అయితే అధికారి ఆ నమ్మకానికి వచ్చేది పత్రాల కట్టను చూసి కాదు. ఎదుట కంప్యూటర్‌లో ఉన్న డీఎస్-160 దరఖాస్తును, మీరు చెప్పే నాలుగు మాటలను బట్టి. తెనాలి దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయ దంపతులు పొలం విలువ ధ్రువపత్రం, చార్టర్డ్ అకౌంటెంట్ నివేదిక, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, కొడుకు పన్ను పత్రాలు అన్నీ కలిపి రెండు కిలోల సంచీ మోసుకుని హైదరాబాద్ వెళ్లారు. ఎవరిని చూడడానికి వెళుతున్నారు, ఆయన ఏం చేస్తారు, మీరు ఏం చేసేవారు అని మూడు ప్రశ్నలు అడిగి వీసా ఇచ్చారు. సంచీ జిప్పు తీయవలసిన అవసరమే రాలేదు.

ఆహ్వాన లేఖ గానీ, పోషణ బాధ్యత తీసుకుంటామనే అఫిడవిట్ గానీ విజిటర్ వీసాకు అవసరం లేదని అమెరికా విదేశాంగ శాఖే స్పష్టంగా చెబుతోంది. పిల్లల జీతాన్ని కాక, దరఖాస్తుదారుకు స్వదేశంతో ఉన్న బంధాలను బట్టి అర్హతను నిర్ణయిస్తారు. కొన్ని ముఖ్యమైన పత్రాలను అడిగితే ఇవ్వడానికి దగ్గర పెట్టుకోండి. కానీ ఏజెంటుకు వేలకు వేలు పోసి ఆస్తి విలువ పుస్తకాలు తయారు చేయించుకోవద్దు. ఆ శ్రద్ధను డీఎస్-160లోని ప్రతి గడి మీదా పెట్టండి.

అపోహ: ఇంటర్వ్యూలో ఇంగ్లీషులోనే మాట్లాడాలి.

వాస్తవం: నానక్‌రామ్‌గూడలోని హైదరాబాద్ కాన్సులేట్‌లో తెలుగులో ఇంటర్వ్యూ ఇవ్వవచ్చు. ఈ సంగతి తెలియక జరిగిన నష్టాలు నన్ను ఇప్పటికీ బాధపెడతాయి. ఒక అమ్మగారికి కొడుకు రోజూ ఫోన్‌లో ఇంగ్లీషు జవాబులు వరుసగా బట్టీ పట్టించాడు. అధికారి రెండో ప్రశ్నగా ఎంతమంది పిల్లలని అడిగితే, ఆమె రెండో జవాబుగా నేర్చుకున్న ‘త్రీ మంత్స్’ అన్న మాటే చెప్పింది. వీసా రాలేదు. మరుసటి ఏడాది తెలుగులో మాట్లాడతానని మొదటే చెప్పి, మనవరాలి అన్నప్రాశన గురించి తన మాటల్లో తాను చెప్పుకుంది. ఆ రోజే వీసా మంజూరైంది. తల్లిదండ్రులకు జవాబులు నేర్పవద్దని, తమ జీవితం గురించి తాము నిజం చెబితే చాలునని పిల్లలకు నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఎనభై ఏళ్లు దాటితే ఇంటర్వ్యూ ఉండదన్న మాట కూడా పాతబడింది. 2025 సెప్టెంబరు 2 నుంచి 79 ఏళ్లు పైబడినవారు కూడా సాధారణంగా ఇంటర్వ్యూకు వెళ్లవలసిందే.

అపోహ: ఒకసారి తిరస్కరిస్తే ఆరు నెలలు ఆగాలి, లేదా ఆ సంగతి చెప్పకుండా ఇంకో నగరంలో ప్రయత్నించాలి.

వాస్తవం: 214(బీ) కింద తిరస్కరిస్తే అప్పీలు లేదు, నిర్ణీత గడువూ లేదు. 185 డాలర్ల దరఖాస్తు రుసుము మళ్లీ కట్టి ఎప్పుడైనా దరఖాస్తు చేయవచ్చు. కానీ మీ పరిస్థితిలో గానీ, దరఖాస్తులో గానీ ఏ మార్పూ లేకుండా వెళితే ఫలితం కూడా మారదు. ఇక దాచడం మాత్రం చాలా ప్రమాదకరం. గతంలో వీసా నిరాకరించారా అని డీఎస్-160లో నేరుగా అడుగుతారు. మీ తరఫున ఎవరైనా ఇమ్మిగ్రెంట్ పిటిషన్ వేశారా అని కూడా అడుగుతారు. కొడుకు పౌరసత్వం వచ్చాక గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టిన సంగతి చాలామంది ఇక్కడే మరిచిపోతారు. కీలకమైన విషయాన్ని కావాలని తప్పుగా చెప్పినట్టు తేలితే అమెరికాలో అడుగుపెట్టడానికి జీవితాంతం అనర్హత పడవచ్చు.

అపోహ: వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని ఉంటే పేరు తప్పు పడినట్టే.

వాస్తవం: మన పెద్దవారి పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉండడం మామూలే. అలాంటప్పుడు ఆ పేరును ఇంటిపేరు గడిలో రాసి, రెండో గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని నింపాలి. ‘సొంత పేరు తెలియదు’ అన్న ఇంగ్లీషు మాటలకు అది పొట్టి రూపం. అది పొరపాటు కాదు, కంగారు పడవలసిన పని లేదు.

అపోహ: పదేళ్ల వీసా వచ్చింది కాబట్టి ఎన్నాళ్లయినా ఉండవచ్చు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. వీసా మీది గడువు తేదీ, అమెరికా ప్రవేశ ద్వారం దగ్గరికి వెళ్లి అనుమతి అడగడానికి ఉన్న చివరి తేదీ మాత్రమే. లోపల ఎన్ని రోజులు ఉండవచ్చో నిర్ణయించేది అక్కడి సరిహద్దు తనిఖీ అధికారి, అంటే సీబీపీ అధికారి. ఆయన ఇచ్చే ఐ-94 రికార్డులోని తేదీయే మీకు ప్రమాణం. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు, కానీ అది హక్కు కాదు. పాస్‌పోర్టు గడువు నాలుగు నెలల్లో ముగిసేలా ఉంటే ఐ-94 కూడా అక్కడికే ఆగిపోవచ్చు కనుక, బయలుదేరే ముందే పాస్‌పోర్టు కొత్తది చేయించుకోవడం మంచిది. పాత పాస్‌పోర్టులో చెల్లే వీసా ఉంటే, ఆ వీసా పేజీ పాడుకానంత వరకు, పాతదీ కొత్తదీ రెండూ చేతిలో పెట్టుకుని వెళ్లవచ్చు. మళ్లీ వీసా తీసుకోనక్కర్లేదు.

ఇప్పుడు చాలా విమానాశ్రయాల్లో పాస్‌పోర్టు మీద ముద్ర వేయడం లేదు. అందువల్ల దిగిన రోజే పిల్లల చేత సీబీపీ వెబ్‌సైట్‌లో ఐ-94 తీయించి, తేదీ చూసి, ఒక ప్రతి అచ్చు వేయించి పాస్‌పోర్టులో పెట్టుకోండి. అంతకుమించి ఉండవలసిన అవసరం నిజంగా పడితే, ఆ తేదీ దాటకముందే ఐ-539 అనే పొడిగింపు దరఖాస్తు పెట్టాలి. గడువు దాటి ఉండిపోతే ఆ పదేళ్ల వీసాయే రద్దవుతుంది. 180 రోజులకు మించి అక్రమంగా ఉండి తిరిగి వస్తే మూడేళ్లు, ఏడాది లేదా అంతకు మించి ఉంటే పదేళ్లు మళ్లీ అడుగుపెట్టనివ్వరు. ‘ఏడాదిలో ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ’ అన్న నియమం కూడా చట్టంలో ఎక్కడా లేదు. ఏటా అలాగే వెళ్లి వస్తుంటే, సందర్శన పేరుతో నివాసం ఉంటున్నారన్న అనుమానం అధికారికి కలుగుతుంది.

అబుదాబి మీదుగా వెళ్లేవారికి అమెరికా సరిహద్దు తనిఖీ అక్కడి విమానాశ్రయంలోనే జరుగుతుంది. అక్కడ వేలిముద్రలు అడిగితే కంగారు పడవద్దు. అమెరికాలో దిగాక దేశీయ విమానంలో వచ్చినట్టే బయటికి వెళ్లిపోతారు. లండన్ మీదుగా వెళితే బ్రిటన్ ట్రాన్సిట్ వీసా తప్పదన్నది మరొక భయం. చెల్లే అమెరికా వీసా ఉండి, సరిహద్దు తనిఖీ దాటకుండా విమానం మారేవారికి ఆ అవసరం లేదు.

అపోహ: ఆరోగ్య బీమా లేకపోతే అమెరికాలోకి రానివ్వరు.

వాస్తవం: కనీసం 30,000 యూరోల బీమా తప్పనిసరి అన్నది యూరప్ షెంగెన్ వీసా నియమం. అమెరికా విజిటర్ వీసాకు అలాంటి షరతు లేదు. అయినా బీమా లేకుండా పెద్దవారిని పంపవద్దనే నేను చెబుతాను. అక్కడ ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంటే వచ్చే బిల్లు ఇక్కడి ఇల్లు అమ్ముకునేలా చేయగలదు. బీపీ, షుగర్ వంటి పాత జబ్బులకు పాలసీ ఎంతవరకు వర్తిస్తుందో చదివాకే కొనండి.

అపోహ: పచ్చళ్లున్నాయని చెబితే పారేస్తారు, చెప్పకపోతేనే మేలు.

వాస్తవం: ఆవకాయ, గోంగూర వంటి పచ్చళ్లను సాధారణంగా అనుమతిస్తారు. మాంసం పచ్చళ్లు, తాజా మామిడిపండ్లు, కరివేపాకు పనికిరావు. నారింజ, బత్తాయి తోటలను ఎండగొట్టే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది కనుక దాని విషయంలో వారు చాలా పట్టుదలగా ఉంటారు. తినే వస్తువులున్నాయని ముందే చెబితే, కూడనిదాన్ని తీసి పారేస్తారు తప్ప జరిమానా వేయరు. దాచి దొరికితే మొదటిసారే సాధారణంగా 300 డాలర్లు కట్టవలసి ఉంటుంది.

తిరిగి ఇంటికి వచ్చాక ఒక పని మిగిలి ఉంటుంది. అదే సీబీపీ వెబ్‌సైట్‌లో మీరు దేశం విడిచిన తేదీ నమోదైందో లేదో చూసుకోవాలి. ఒక్కోసారి నమోదు కాదు. అందుకే తిరుగు ప్రయాణపు బోర్డింగ్ పాస్‌ను పారేయకుండా, తదుపరి ప్రయాణం దాకా పాస్‌పోర్టుతో పాటే భద్రపరచండి.