పెట్రోలు ధర, సార్వత్రిక సమ్మె: అపోహలు - వాస్తవాలు

యూనియన్ తరఫున చర్చలకు వెళ్లడం పదిహేడేళ్లుగా నా పని. సమ్మె నోటీసు ఇచ్చిన ప్రతిసారీ అవే మాటలు వినిపిస్తాయి. వాటికి జవాబు చెప్పేటప్పుడు నేను నైజీరియాను గుర్తుచేస్తాను. పెట్రోలు ధర మీద అక్కడి కార్మికులు ఎన్నోసార్లు పోరాడారు. కొన్ని గెలిచారు, కొన్ని ఓడారు.

అపోహ: పెట్రోలు ధరతో యూనియన్‌కు పనేంటి? జీతాల సంగతి చూసుకుంటే చాలు.

వాస్తవం: జీతం కాగితం మీద అంతే ఉంటుంది, చేతిలో మాత్రం కరిగిపోతుంది. 2023 మే 29న ప్రమాణం చేసిన రోజే నైజీరియా అధ్యక్షుడు బోలా టినుబు పెట్రోలు సబ్సిడీ, అంటే ధర తక్కువగా ఉంచడానికి ప్రభుత్వం భరించే సొమ్ము, ఇక లేదన్నారు. 200 నైరాల (అక్కడి కరెన్సీ) లోపు ఉన్న లీటరు రెండు రోజుల్లో 500 దాకా ఎగబాకింది. అప్పటికి కనీస వేతనం నెలకు 30,000 నైరాలు. కరెంటు నిలకడగా రాక ఇళ్లూ దుకాణాలూ జనరేటర్ల మీద నడిచే దేశం అది. బస్సు చార్జీ ఒక్కటే పెరిగి ఊరుకోదు.

అపోహ: ఆఖరి నిమిషంలో సమ్మె ఆపేశారంటే నాయకులు అమ్ముడుపోయినట్టే.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట ఇదే. నెలల తరబడి ఫోను ఎత్తని అధికారులు కూడా నోటీసు అందాక అర్ధరాత్రి దాకా కూర్చుని మాట్లాడతారు. అసలు బేరం జరిగేది ఆ కొద్ది రోజుల్లోనే. 2023 అక్టోబరు 3 నుంచి నిరవధిక సమ్మె అని నైజీరియా కార్మిక కేంద్రాలు, అంటే యూనియన్లన్నిటినీ కలిపే సమాఖ్యలు, రెండూ ప్రకటించాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఆరు నెలల పాటు నెలకు 35,000 నైరాలు అదనంగా ఇస్తామని ప్రభుత్వం ఒప్పుకుంది. ముందురోజు సమ్మెను 30 రోజులు వాయిదా వేశారు. వాయిదా వేరు, విరమణ వేరు. వాయిదా వేస్తే, మాట తప్పిన రోజున మళ్లీ దిగొచ్చు.

అయితే సభ్యుల అనుమానం ఊరికే పుట్టదు. ఒకసారి మేం రాత్రి సంతకం చేసి, అలసిపోయి, సభ్యులకు విషయం చెప్పే గేటు మీటింగ్ మర్నాటికి పెట్టాం. తెల్లారేసరికి పుకారు అందరికీ పాకింది. ఒప్పందం మంచిదే, కానీ పోయిన నమ్మకం తిరిగి రావడానికి రెండేళ్లు పట్టింది. అప్పటి నుంచి ఎంత రాత్రయినా గేటు దగ్గరికెళ్లి ఒక్కో పేరా చదివి వినిపిస్తాం.

అపోహ: పైనుంచి పిలుపు వస్తే దేశం ఆగిపోతుంది.

వాస్తవం: 2012 జనవరి 1న సబ్సిడీ తీసేస్తే 65 నైరాలున్న లీటరు రెట్టింపు దాటింది. 9న సమ్మె మొదలైంది. రెండు కేంద్రాలూ కలిసి దిగాయి, యూనియన్లలో లేని జనమూ వీధుల్లోకి వచ్చారు. వారం తిరిగేసరికి ధర 97 నైరాలకు దిగింది. 2016 మేలో ధర 86.50 నుంచి 145కి పెరిగినప్పుడు కోపం తక్కువేం లేదు. కానీ ఒక కేంద్రం రెండుగా చీలి ఉంది, రెండోది కలిసి రాలేదు. నాలుగైదు రోజుల్లో సమ్మె ఆగింది, ధర 145 దగ్గరే ఉంది. ఏ రోజు సంపాదన ఆ రోజు తినేవాళ్లు ఎన్నాళ్లు ఓర్చుకోగలరో లెక్క వేయకుండా ఇచ్చే పిలుపు వాళ్ల పొట్ట మీదే పడుతుంది.

అపోహ: సబ్సిడీ కోసం కొట్లాడేవాళ్లు అవినీతిని కాపాడుతున్నారు.

వాస్తవం: సబ్సిడీలో పెద్ద వాటా పెద్ద బండ్లున్నవాళ్లకే వెళ్తుంది, నిజమే. దిగుమతుల పేరుతో దొంగ బిల్లులు పెట్టినవాళ్లూ ఉన్నారు. అందుకే దొంగలను పట్టుకోండి, చమురు శుద్ధి కర్మాగారాలు బాగుచేయండి అని అక్కడి యూనియన్లు అడిగాయి. ముడి చమురు అమ్మే దేశం పెట్రోలు కొనుక్కోవడమేంటన్నది వాళ్ల ప్రశ్న. నా మట్టుకు నేను అడిగేది వరస గురించి: ముందు బస్సులు, జీతాలు, ఆ తర్వాతే ధర.

అపోహ: సార్వత్రిక సమ్మె అంటే అన్నీ మూసేయడమే.

వాస్తవం: 2024 జూన్ 3న కనీస వేతనం కోసం సమ్మెకు దిగినప్పుడు నైజీరియాలో కరెంటు గ్రిడ్డే ఆగిపోయింది. ఒత్తిడి పనిచేసింది, జూలైలో కనీస వేతనం 70,000 అయింది. అయినా ఆ పద్ధతి నాకు సమ్మతం కాదు. ఆక్సిజన్ మీదున్న మనిషి మనకు ఎదుటి పక్షం కాదు. ఆస్పత్రులు, కరెంటు, తాగునీరు అత్యవసర సేవలని అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా అంటుంది. మా నోటీసులో డిమాండ్లకన్నా ముందు మినహాయింపుల జాబితా రాస్తాం, ఏ షిఫ్టులో ఎవరు పనిలో ఉంటారో పేర్లతో సహా.