కష్టకాలంలో చందా అడగొచ్చా? ధర్మవరం వీధుల్లో నేర్చుకున్న అపోహలు, వాస్తవాలు

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ధర్మవరంలో మగ్గాల చప్పుడు ఆగిపోయింది. పట్టుచీరలు ఎక్కువగా అమ్ముడుపోయేది పెళ్లిళ్ల సీజన్‌లో. ఆ ఏడాది ఆ సీజనే లేకుండా పోయింది. అమ్ముడుపోని చీరలు బీరువాల్లోనే ఉండిపోయాయి, కొత్త చీరకు ముడిపట్టు ఇచ్చేవాళ్లు లేరు, నేసేవాళ్లకు కూలీ లేదు. ఆ ఏప్రిల్ నుంచి జూన్ వరకు మూడు నెలల్లో దేశం జీడీపీ 23.9 శాతం పడిపోయిందని ప్రభుత్వం మొదట లెక్క చెప్పింది.

నేను పనిచేసేది ఇక్కడి ఒక చిన్న ట్రస్టులో. నేతపనివాళ్ల పిల్లలకు, కూలీల పిల్లలకు సాయంత్రం చదువు కేంద్రాలు నడుపుతాం. ఒంటరిగా ఉన్న ముసలివాళ్లకు నెలనెలా బీపీ, షుగర్ మందులు ఇప్పిస్తాం. ఖర్చులో కొంత భాగం ఇంటింటికీ తిరిగి తీసుకునే చందా నుంచి వస్తుంది. నెలకు ఇరవై రూపాయలు, యాభై రూపాయలు ఇచ్చేవాళ్లే ఎక్కువ. లాక్‌డౌన్ రాగానే మేం చేసిన మొదటి పని ఆ చందా ఆపేయడం. "ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం" అనుకున్నాం. ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. అది తప్పని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటి నుంచి కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు, దాతలు, బంధువులు నన్ను అడిగే ప్రశ్నల్లో పదేపదే ఎదురయ్యే అపోహలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కష్టకాలంలో జనం దగ్గర ఏముంటుంది? వాళ్లను అడగడమే పాపం.

ఆ జూలైలో, మేం బియ్యం, పప్పు, నూనె ఇచ్చిన ఒకింటి ముందు నుంచి వెళ్తుంటే ఆ ఇంటి పెద్దావిడ నన్ను ఆపింది. "చందాకు రావడం మానేస్తిరే అక్కా. ఇంక మేం ఇచ్చేవాళ్లం కాదనుకుంటిరా? ఇరవై లేకుంటే పది ఇస్తాం. రావడం మానేసేది ఏంది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమె చేతికి సామాన్ల సంచి ఇచ్చిన రోజు నాకు తెలియకుండానే ఆమె పేరును ఇచ్చేవాళ్ల పుస్తకంలోంచి తీసేసి పుచ్చుకునేవాళ్ల పుస్తకంలో రాసేశాను. ఆమె బాధ అదే.

మళ్లీ పుస్తకం తీసుకుని తిరగడం మొదలుపెట్టాం. కొందరు నిజంగా ఆపేశారు. చాలామంది తగ్గించి ఇచ్చారు. కొందరు డబ్బు బదులు చింతపండు, వేరుశనగ, రెండు శేర్ల బియ్యం ఇచ్చారు. మాకు పెద్ద దెబ్బ తగిలింది వేరే చోట. ఏడాదికోసారి పెద్ద మొత్తం ఇచ్చే వ్యాపారులు ఒక్కసారిగా చేతులెత్తేశారు. వాళ్లను తప్పుపట్టను, వాళ్ల సొమ్మంతా బాకీల్లో ఇరుక్కుపోయింది. పదిమంది పెద్దవాళ్ల మీద ఆధారపడితే ఇద్దరు తప్పుకున్నా పని కుంటుపడుతుంది. ఐదొందల మంది చిన్నవాళ్లు ఉంటే వంద మంది ఆగినా కేంద్రం తెరిచే ఉంటుంది.

మా ఉమ్మడి అనంతపురం జిల్లాలో దీనికి పెద్ద ఉదాహరణ ఒకటుంది. స్పెయిన్‌కు చెందిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్‌ను ఇక్కడ అందరూ ఆర్డీటీ అంటారు. దాని నిధుల్లో ఎక్కువ భాగం ఏళ్ల తరబడి స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు నెలనెలా పంపిన డబ్బే. 2008 తర్వాత స్పెయిన్ ఆర్థికంగా కుదేలైంది. 2013 నాటికి అక్కడ పని కావాలనుకునే ప్రతి నలుగురిలో ఒకరికి ఉద్యోగం లేదు. ఒక దేశపు కష్టం అక్కడెక్కడో ఉన్న పల్లె బడికీ, ఆసుపత్రికీ ఎలా తగలగలదో మా జిల్లావాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ ఆర్డీటీయే మన పల్లెల్లో 'ఇండియా ఫర్ ఇండియా' పేరుతో ఇళ్లకు హుండీలు ఇచ్చింది. ఒకప్పుడు సాయం పొందిన కుటుంబాలే వాటిలో రూపాయి, రెండు రూపాయలు వేశాయి. తీసుకున్న చెయ్యి ఇవ్వలేనిదని ముందే తీర్మానించే హక్కు మనకెవరిచ్చారు?

అయితే ఎలా అడగాలన్నది చాలా ముఖ్యం. మేం మూడు మార్పులు చేశాం. మొదటిది, నెలవారీ చందాను పంటకు కలిపాం. కూలీ కుటుంబాల దగ్గర వేరుశనగ కాయలు ఇంటికొచ్చాక తీసుకుంటాం, అంతవరకు వాళ్ల గడప తొక్కం. రెండోది, "ఈ నెల వద్దులే" అనే మాటకు పుస్తకంలో ఒక గడి పెట్టాం. అక్కడ టిక్కు పెట్టి నవ్వుతూ వచ్చేస్తాం, కారణం అడగం. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: డ్వాక్రా సంఘం మీటింగులో ఎప్పుడూ చందా అడగం. పదిమంది అక్కల ముందు, లీడరమ్మ ముందు ఎవరూ కాదనలేరు. అప్పు కంతు కోసం దాచుకున్న డబ్బు తీసి ఇస్తారు. అలా వచ్చిన డబ్బు మాకొద్దు.

అపోహ: కంపెనీలు సమాజ సేవకు పెట్టే సీఎస్సార్ డబ్బు ఉంది కదా, వీధుల్లో తిరగడం ఎందుకు?

2013 కంపెనీల చట్టం ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇందుకు ఖర్చు పెట్టాలి. 'మూడేళ్ల సగటు' అన్న మాట గమనించండి. చెడ్డ ఏడాది దెబ్బ సీఎస్సార్ మీద వెంటనే పడదు. మెల్లగా వస్తుంది, వచ్చాక మూడేళ్ల పాటు లెక్కలో ఉంటుంది. మార్కెట్ కోలుకుందని పేపర్లో చదివిన రోజునే మా దరఖాస్తు తిరస్కరించి వెనక్కి పంపొచ్చు. పైగా తమ ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లకు ప్రాధాన్యం ఇవ్వమని చట్టమే చెబుతుంది. పెద్ద ఫ్యాక్టరీలు లేని ఊళ్ల సంగతేంటి?

2020 సెప్టెంబరులో విదేశీ విరాళాలను నియంత్రించే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం మారింది. విదేశీ విరాళం తీసుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదు. పెద్ద సంస్థల నుంచి వాటా తీసుకుని పల్లెల్లో పనిచేసే చిన్న సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. సరిగ్గా అవసరం పెరిగిన ఏడాదిలోనే ఇది జరిగింది. ఆ తర్వాత మాలాంటివాళ్లకు గట్టిగా నమ్ముకోదగ్గది మా చుట్టూ ఉన్న జనమే.

అపోహ: మా బాబాయి అమెరికాలో ఉన్నాడు. మనవాడే కదా, ఆయన పంపితే విదేశీ డబ్బు ఎలా అవుతుంది?

ఈ ప్రశ్న నాకు నెలకోసారైనా వస్తుంది. మంచి మనసుతో అడుగుతారు, కాబట్టి స్పష్టంగా చెప్పాలి. ఆయన చేతిలో భారత పాస్‌పోర్టు ఉంటే, తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నా, చట్టం దృష్టిలో అది విదేశీ డబ్బే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. "నువ్వు ఇండియాలో ఉన్న తమ్ముడి ఖాతాకు పంపు, వాడు మాకిస్తాడు" అనే అడ్డదారి దయచేసి ఎవరికీ చెప్పకండి. అలాంటి ఒక్క ఎంట్రీ పట్టుబడితే ఇరుకున పడేది చదువు కేంద్రానికి వచ్చే పిల్లలు.

అపోహ: విరాళానికి ఆదాయపు పన్ను రాయితీ కోసం ఇచ్చే 80జి రసీదు ఉంటే ఇచ్చిందంతా పన్నులో వెనక్కొస్తుంది.

రాదు. మాలాంటి ట్రస్టులకు ఇస్తే సాధారణంగా ఇచ్చినదాంట్లో సగాన్ని మీ ఆదాయంలోంచి తగ్గించి చూపొచ్చు. వెయ్యి ఇస్తే ఐదొందలు తగ్గుతుంది. 20 శాతం శ్లాబులో ఉంటే మీకు మిగిలేది సుమారు వంద రూపాయలు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు అదీ లేదు. రెండు వేలు దాటిన నగదు విరాళానికి వర్తించదు. బియ్యం బస్తాలకు, కంప్యూటర్లకు, పుస్తకాలకు కూడా వర్తించదు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో రసీదు కోసమే ఫోన్ చేసేవాళ్లకు ఇదంతా ముందే చెప్పేస్తాం. "అంతేనా మేడం" అని కొందరు తగ్గిపోతారు. నిజం తెలిసీ ఇచ్చినవాళ్లు మాత్రం మరుసటి ఏడాది మేం ఫోన్ చేయకముందే ఇస్తారు.

అపోహ: షాపుల్లో హుండీలు పెట్టేస్తే సరిపోతుంది, లెక్కలు అక్కర్లేదు.

గుడి హుండీని చూసి అలవాటైన ఆలోచన ఇది. మతపరమైన సంస్థలకు వేరే నియమం. మా వంటి ధర్మసంస్థలకు పేరూ ఊరూ లేని విరాళాలు ఒక హద్దు దాటితే, దాటినదాని మీద 30 శాతం పన్ను పడుతుంది. ఆ హద్దు లక్ష రూపాయలు గానీ, ఆ ఏడాది వచ్చిన మొత్తం విరాళాల్లో 5 శాతం గానీ, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. అందుకే మేం హుండీ ఇస్తే ఇంటికి ఇస్తాం, దాని మీద నంబరు ఉంటుంది, ఆ నంబరుకు ఎదురుగా రిజిస్టరులో ఇంటి పేరు, చిరునామా ఉంటాయి. ఆ ఇంటివాళ్ల ముందే తెరిచి, వాళ్ల పిల్లల చేతే లెక్కపెట్టిస్తాం.

కిరాణా షాపుల్లో క్యూఆర్ కోడ్ కూడా పెట్టాం. సులువే. కానీ యూపీఐలో వచ్చిన పది రూపాయల వెనక మనిషి కనపడడు. పుస్తకం పట్టుకుని వెళ్తే, చందాతో పాటు "పక్కింటి పెద్దాయన మూడు రోజులుగా బయటికి రావడం లేదు, ఒకసారి చూడండి" అనే మాట కూడా వస్తుంది. మందులు అందుకునే ముసలివాళ్లలో చాలామంది గురించి మాకు తెలిసింది ఇలాగే.

మూడు నెలలకోసారి రచ్చకట్ట దగ్గర లెక్క చదువుతాం. ఎంత వచ్చింది, ఎంత పోయింది, ఏది ఆగిపోయింది. ఒకసారి ఆటో ఖర్చు దగ్గర ఒకాయన లేచి గట్టిగా నిలదీశాడు. బిల్లులు తెప్పించి చూపించేదాకా కూర్చోలేదు. ఆ రోజు నాకు చాలా టెన్షన్ అయింది. ఆ తర్వాత ఆయన వీధిలో చందా ఆయనే దగ్గరుండి వసూలు చేసిపెడుతున్నాడు.

అపోహ: ఇచ్చిన ప్రతి రూపాయీ పేదవాడి చేతికే చేరాలి. జీతాలు, ఆఫీసు ఖర్చు అంటే తినేయడమే.

ఆడిటరుకు ఫీజు కట్టాలి. మందులు చెడిపోకుండా ఉంచాలి. కేంద్రానికి కరెంటు బిల్లు వస్తుంది. సాయంత్రం పిల్లల దగ్గర ఉండే ఆమెకు జీతం ఇవ్వకపోతే ఆమె పిల్లలు పస్తులుంటారు. విదేశీ విరాళాల్లో నిర్వహణ ఖర్చు 20 శాతం దాటకూడదని చట్టం ఉంది. దేశంలో సేకరించే డబ్బుకూ హద్దు పెట్టుకోవడం మంచిదే. కానీ ఖర్చే లేదని చెప్పే సంస్థను నమ్మకండి. ఎవరో ఒకరు ఆ ఖర్చు భరిస్తూ ఉంటారు, చాలాసార్లు అది తక్కువ జీతానికి ఒప్పుకున్న ఒక ఆడమనిషి.

అపోహ: డబ్బు లేకపోతే పాత బట్టలైనా ఇద్దాం.

2004 సునామీ తర్వాత నాగపట్నం దారుల్లో ఎవరూ ముట్టుకోని పాత బట్టలు కుప్పలుగా పడి ఉన్నాయి. చిరిగినవి, మురికివి, అక్కడివాళ్లు కట్టుకోనివి. ఏం కావాలో ముందు ఫోన్ చేసి అడగండి. మాకు ఎప్పుడూ కొరత ఉండేది రూళ్ల నోటుపుస్తకాలకు, బీపీ మిషన్ బ్యాటరీలకు. రక్తం కూడా ఇవ్వొచ్చు. మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి ఇవ్వొచ్చు. కాలేజీలు మూతపడితే అక్కడి రక్తదాన శిబిరాలు ఆగిపోతాయి, తలసీమియా పిల్లలకు మాత్రం రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే.

అపోహ: పనుల్లేని రోజుల్లో వాలంటీర్లు కుప్పలుగా దొరుకుతారు, పైసా ఖర్చుండదు.

ముందు 'వాలంటీరు' అనే మాట గురించే చెప్పాలి. 2019 ఆగస్టు 15న మన రాష్ట్రంలో గ్రామ వాలంటీర్ల వ్యవస్థ వచ్చింది. యాభై ఇళ్లకొకరు, నెలకు ఐదు వేల గౌరవ వేతనం. ఆ తర్వాత "వాలంటీరుగా వస్తావా" అంటే "నెలకు ఎంతిస్తారు, సెలెక్షన్ ఎప్పుడు" అని అడిగేవాళ్లు. వాళ్ల తప్పేం లేదు, ఆ మాటకు ఊళ్లో అర్థమే మారిపోయింది. అప్పటి నుంచి మేం "సాయంత్రం గంటసేపు పిల్లలకు లెక్కలు చెప్పడానికి వస్తావా" అని పనిని పేరుపెట్టి అడుగుతున్నాం.

లాక్‌డౌన్‌లో నిజంగానే చాలామంది వచ్చారు. బెంగళూరు నుంచి ఉద్యోగాలు పోయి, లేదా ఇంటి నుంచి పనిచేస్తూ ఊరికి తిరిగొచ్చిన పిల్లలు. మొదటి వారం నలభై సంచులు కట్టడానికి ముప్పై మంది. నెల తిరిగేసరికి ఐదుగురు. పనిలేనివాడికి సమయం ఉంటుంది గానీ, మనసులో స్థిమితం ఉండదు. ఇంట్లోవాళ్ల మాటలు, ఇంటర్వ్యూలు, అప్పులు. బస్సు ఛార్జీ ముప్పై రూపాయలు కూడా అమ్మను అడగాలంటే ఇబ్బంది. అది తెలిశాక ఛార్జీ డబ్బు ముందే ఇవ్వడం మొదలుపెట్టాం. కవర్లో పెట్టి అందరికీ ఒకేలా ఇస్తాం, అవసరమున్నవాళ్లు వేరుగా చెయ్యి చాపనక్కర్లేకుండా. దీనికి ఏటా బడ్జెట్‌లో ఒక పద్దు ఉంది. దాతలు అడిగితే అదేంటో చెప్పి చూపిస్తాం.

ఒకబ్బాయి ఏడు నెలలు లెక్కలు చెప్పాడు. చాలా బాగా చెప్పాడు. ఉద్యోగం రాగానే రెండు రోజుల్లో వెళ్లిపోయాడు, వెళ్లాల్సిందే కదా. పిల్లలు మాత్రం పది రోజులు సాయంత్రం వచ్చి గేటు దగ్గర చూశారు. ఎవరు భిన్నాల దగ్గర ఆగారో, ఎవరికి ఎక్కాలు రావో అతని తలలోనే ఉండిపోయింది. అందుకే ఇప్పుడు ఏ కేంద్రంలోనూ ఒక్కరినే పెట్టం, ఇద్దరు ఉంటారు. బల్ల మీద ఒక నోటుపుస్తకం ఉంటుంది. ఇంటికి వెళ్లేముందు ఏ పిల్ల ఎక్కడ ఆగిందో నాలుగు మాటలు రాయాలి. మరుసటి రోజు వచ్చినవాళ్లు ఆ పేజీ చదివి అక్కడి నుంచి మొదలుపెడతారు. ఆ అబ్బాయి చెప్పిన కేంద్రంలో ఇప్పుడు మూడో నోటుపుస్తకం నడుస్తోంది.