మూత్రాశయ నొప్పితో గర్భం: అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో గర్భిణులను చూసే వైద్యురాలిగా నా బల్ల మీదకు తరచూ ఒకే రకమైన ఫైలు వస్తుంది. అందులో ఏళ్ల తరబడి రాసిన యాంటీబయాటిక్ చీటీలు దొంతరగా ఉంటాయి గానీ, యూరిన్ కల్చర్ రిపోర్టుల్లో మాత్రం చాలాసార్లు క్రిములేవీ పెరగలేదనే ఉంటుంది. అలాంటివారిలో కొందరికి ఉన్నది ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్, అంటే మూత్రాశయం నిండే కొద్దీ పొత్తికడుపులో నొప్పి పెరిగి, విసర్జన తరువాత కాస్త ఉపశమించే దీర్ఘకాలిక జబ్బు. ఇన్ఫెక్షన్ గానీ వేరే కారణం గానీ కనిపించకుండా ఈ బాధ ఆరు వారాలు దాటితే దీనిని అనుమానిస్తాం. ఇది క్యాన్సర్ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటేదీ కాదు.

అపోహ: మంట పుట్టిందంటే ఇన్ఫెక్షనే, కాకపోతే వేడి చేసినట్టే.

వాస్తవం: ఈ ఒక్క అపోహే మిగిలిన వాటన్నిటికంటే ఎక్కువ హాని చేస్తుంది, అదీ రెండు వైపులా. పాత జబ్బు నొప్పిని ఇన్ఫెక్షన్ అనుకుని, ఇంట్లో మిగిలిపోయిన మాత్రలు వేసుకునేవారు ఒక వైపు. నిజంగా ఇన్ఫెక్షన్ సోకినా "నాకిది మామూలే" అని బార్లీ నీళ్లు తాగుతూ రోజులు గడిపేవారు మరో వైపు. గర్భిణికి ఏ బాధా లేకపోయినా మూత్రంలో బ్యాక్టీరియా ఉండవచ్చు, దానికి చికిత్స చేయకపోతే అది మూత్రపిండాలకు పాకవచ్చు. అందుకే తొలి నెలల్లోనే అందరికీ కల్చర్ చేయిస్తాం. ఈ జబ్బు ఉన్నవారికి నొప్పి తీరు మారిన ప్రతిసారీ మళ్లీ చేయించాలి. మిల్లీలీటరు మూత్రంలో ఒకే రకం బ్యాక్టీరియా 1,00,000 లేదా అంతకు మించి పెరిగితే యాంటీబయాటిక్ తప్పనిసరి, అయితే ఏ నెలలో ఏది అన్నది వైద్యులే నిర్ణయించాలి: ట్రైమెథోప్రిమ్‌ను తొలి మూడు నెలల్లోనూ, నైట్రోఫ్యూరాంటోయిన్‌ను కాన్పు దగ్గరపడినప్పుడూ సాధారణంగా వాడం. చలితో జ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు వస్తే రిపోర్టు కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి రావాలి. బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు తాగడంలో తప్పు లేదు, అవి పరీక్షకు బదులు కావు, అంతే.

అపోహ: గర్భం వస్తే ఈ జబ్బు ముదిరిపోతుంది.

వాస్తవం: అందరికీ అలా జరగదు. కొందరికి నొప్పి పెరుగుతుంది, కొందరికి, ముఖ్యంగా మధ్య నెలల్లో, హాయిగా ఉంటుంది.

అపోహ: గర్భం అని తెలియగానే మందులన్నీ ఆపేయాలి.

వాస్తవం: ఈ జబ్బుకు వాడే మందుల్లో హైడ్రాక్సీజిన్‌ను తొలి నెలల్లో వాడకూడదు, పెంటోసాన్‌ను, మూత్రాశయంలోకి ఎక్కించే డీఎంఎస్‌ఓను సాధారణంగా ఆపుతాం. తక్కువ మోతాదు అమిట్రిప్టిలిన్‌ను మాత్రం అవసరాన్ని బట్టి కొనసాగించడమూ ఉంది, దానిని హఠాత్తుగా మానడం మంచిది కాదు. అందుకే ఈ మాటలు గర్భం దాల్చకముందే జరగాలని కోరుకుంటాను. నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వద్దు, ముఖ్యంగా 20 వారాలు దాటాక, ఎందుకంటే వాటి వల్ల ఉమ్మనీరు తగ్గవచ్చు.

అపోహ: నీళ్లు తగ్గిస్తే బాధ తగ్గుతుంది.

వాస్తవం: ఎల్బీ నగర్ నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్లి వచ్చే ఉద్యోగిని దారిలో మరుగుదొడ్డి దొరకదని నీళ్లు మానేయడాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ చిక్కబడిన మూత్రం మూత్రాశయాన్ని మరింత రేపుతుంది; ఒక్కసారిగా చెంబెడు కాకుండా కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. తిండి విషయంలో అందరికీ ఒకే పత్యం లేదు. చింతపండు పులుసు, టమాటా, పచ్చిమిర్చి, నిమ్మరసం, ఇరానీ చాయ్‌లలో ఎవరికి ఏది పడదో కొన్నాళ్లు మాని, ఒక్కొక్కటిగా తిరిగి తిని చూసుకోవాలి. అన్నీ ఒకేసారి వదిలేసి చప్పిడి కూడుతో నీరసించిపోకూడదు.

అపోహ: స్కానింగ్‌కు మూత్రం బిగబట్టి తీరాలి.

వాస్తవం: తొలి వారాల్లో యోని ద్వారా చేసే స్కాన్‌కు నిండు మూత్రాశయం అక్కర్లేదు, నెలలు పెరిగాక చేసే స్కాన్లకూ చాలావరకు అవసరం ఉండదు. సెంటర్‌లో ముందే ఈ సంగతి చెప్పి అడగండి. గంటల తరబడి ఆ నొప్పి భరించవలసిన పని లేదు. అలాగే, గర్భిణులందరికీ చెప్పే కీగెల్ వ్యాయామం (కటి కండరాలను బిగించి వదలడం) ఆ కండరాలు అప్పటికే బిగుసుకుపోయి ఉన్నవారికి బాధ పెంచవచ్చు. వారికి ఆ కండరాలను వదులు చేసే ఫిజియోథెరపీ కావాలి.

అపోహ: ఈ జబ్బు ఉంటే ఆపరేషన్ కాన్పే.

వాస్తవం: సహజ కాన్పుకు ఈ జబ్బు ఒక్కటే అడ్డు కాదు. సిజేరియన్ అవసరమైతే సాధారణంగా మూత్రనాళంలో గొట్టం వేస్తారు. సన్నటి గొట్టం వాడి, మత్తు జెల్లీ రాసి, వీలైనంత త్వరగా తీసేయవచ్చు. కాన్పు గదిలో ఉండే డ్యూటీ డాక్టర్‌కు మీ సంగతి తెలియకపోవచ్చు కాబట్టి, జబ్బు పేరును, గొట్టం గురించిన ఈ మాటను ఫైలు మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో రాయించుకోండి.